సముద్రంలో ఈతకి మడత చాకు: తుప్పు పట్టనిది ఏది తీసుకోవాలి?

ఉప్పుగాలి:
రుషికొండ దగ్గర వారానికి మూడు నాలుగు రోజులు, పొద్దున పూట, ఒకటిన్నర నుంచి రెండు కిలోమీటర్ల ఈత. నడుముకి బెల్టు, వెనకాల నీటి మీద తేలే నారింజ రంగు ఫ్లోటు ఉంటాయి. తెగిపోయి కొట్టుకొచ్చే టంగుసు (సన్నటి నైలాన్ దారం) వల ముక్కలు, గాలం దారాలు కాళ్లకి చుట్టుకుంటే కోసుకోవడానికి చిన్న మడత చాకు కావాలి. ఇప్పుడున్న దాని బ్లేడు మీద 440సీ అని రాసి ఉంది. నాలుగో రోజుకే గోధుమ రంగు చుక్కలు పడ్డాయి, రెండు వారాలకి మడత దగ్గర బిగుసుకుపోయింది. స్టెయిన్‌లెస్ అని రాసినదే ఇలా అయితే ఏ స్టీలు చూడాలి? బ్లేడు ఎంత పొడవు, మామూలు పదునా, రంపపు పళ్లదా? ఎక్కడ కట్టుకోవాలి?

సానరాయి:
స్టీలు సంగతి వరకు నేను చెప్తాను, మిగతాది ఇక్కడ ఈదేవాళ్లు చెప్తారు.

440సీలో క్రోమియం 16-18 శాతం ఉంటుంది. కాగితం మీద చూస్తే బ్రహ్మాండం. కానీ కార్బన్ కూడా ఒక శాతం దాకా ఉంటుంది. ఆ కార్బన్ క్రోమియంలో మంచి వాటాని పట్టుకుని గట్టి రేణువులుగా మారిపోతుంది. పదును నిలిచేది ఆ రేణువుల వల్లే. తుప్పుని ఆపేది మాత్రం రేణువుల్లో ఇరుక్కున్న క్రోమియం కాదు, బయట లోహంలో కరిగి ఉన్నది. అది 12 శాతం అటూఇటూకి పడిపోతుంది. వంటింట్లో అది చాలు. లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీటికి చాలదు. క్లోరైడు ఆ పల్చటి రక్షణ పొరని చుక్క చుక్కగా పొడుస్తుంది. మీ బ్లేడు మీద పడ్డ చుక్కలు అవే.

మడత దగ్గర బిగుసుకోవడం వేరే జబ్బు. రక్షణ పొర చిరిగిన చోట మళ్లీ అతుక్కోవాలంటే ఆక్సిజన్ అందాలి. ఇరుసు చుట్టూ వాషర్ల సందులో నిలిచిపోయిన ఉప్పునీటికి ఆక్సిజన్ అందదు, లోపల ఆమ్లం పేరుకుంటుంది. అందుకే బయట తళతళలాడే చాకు లోపల కుళ్లిపోయి ఉంటుంది. తడి చాకుని మడిచి సంచీలో పడేస్తే జరిగేది ఇదే.

ఉప్పునీటి కోసమే చేసిన స్టీళ్లు కార్బన్ తగ్గించి నైట్రోజన్ పెడతాయి. నైట్రోజన్ కూడా గట్టిదనం ఇస్తుంది, కానీ క్రోమియాన్ని అంతగా మింగేయదు. చూడాల్సినవి ఇవి:

హెచ్1, దాని తర్వాత వచ్చిన హెచ్2: జపాన్ స్టీళ్లు. హెచ్1లో కార్బన్ 0.15 శాతం మించదు. కడగకుండా వదిలేసినా తట్టుకునే రకం. కానీ మామూలు పదును త్వరగా మొద్దుబారుతుంది, కాబట్టి ఇందులో పళ్లున్నది తీసుకోండి.

ఎల్‌సీ200ఎన్: కార్బన్ 0.3, నైట్రోజన్ 0.38 దగ్గర, క్రోమియం 15, మాలిబ్డినం 1 శాతం. ఈ కుటుంబం స్టీలు పుట్టింది విమానాల బేరింగుల కోసం. మామూలు పదును కావాలంటే నా ఓటు దీనికే. హెచ్1 కంటే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, తుప్పు విషయంలో దాదాపు దాని సరిజోడు.

మాగ్నాకట్: 2021లో వచ్చింది. క్రోమియం 10.7 శాతమే అని కంగారుపడకండి. కార్బన్‌ని వనేడియం, నయోబియం పట్టుకుంటాయి కాబట్టి క్రోమియం దాదాపు అంతా కరిగే ఉంటుంది, మాలిబ్డినం, నైట్రోజన్ కూడా దానికి తోడవుతాయి. పదునులో పై రెండింటినీ దాటేస్తుంది. అయితే కడగకుండా రోజుల తరబడి వదిలేస్తే చుక్క పడొచ్చు. క్రమశిక్షణ ఉన్నవాళ్లకే.

డీ2 అనే స్టీలు వైపు అసలు చూడొద్దు, అది స్టెయిన్‌లెస్ కిందకే రాదు. నల్ల పూత ఉన్నదని కూడా మోసపోవద్దు. సాన పట్టిన అంచు మీద పూత ఉండదు, తుప్పు మొదలయ్యేది అక్కడే. గరుకుగా, మసకగా ఉండే బ్లేడు కంటే నున్నగా మెరిసే బ్లేడు నయం, గుంటల్లో ఉప్పు నిలవదు. ఇక "సర్జికల్ స్టీల్" అనో, వెనక అక్షరం లేకుండా ఒట్టి "440" అనో రాసి ఉంటే స్టీలు పేరు చెప్పలేదనే లెక్క.

ఇంకొకటి. మనవాళ్లు గిన్నెల కొట్లో చేసినట్టు అయస్కాంతం పెట్టి చూడకండి. ఎల్‌సీ200ఎన్‌కి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటుంది, అయినా తుప్పు పట్టదు. గిన్నెల్లో వాడే 202 రకం స్టీలుకి పెద్దగా అతుక్కోదు, కానీ సముద్రం ఒడ్డున మచ్చలు పడుతుంది.

లంగరు:
సానరాయి గారు బ్లేడు సంగతి చెప్పేశారు. కొనేటప్పుడు జనం అక్కడే ఆగిపోతారు, తుప్పు మాత్రం స్క్రూల దగ్గర మొదలవుతుంది. బ్లేడు ఎల్‌సీ200ఎన్ అయి ఉండి లాక్ పట్టీ, స్ప్రింగు, క్లిప్పు, స్క్రూలు మామూలు స్టీలువైతే డబ్బు దండగ. వివరాల్లో ఒక్కో భాగం దేనితో చేశారో రాసి ఉందా లేదా చూడండి. స్పైడర్కో కంపెనీ సాల్ట్ సిరీస్ చాకుల లాంటివి ఉప్పునీటికే ఉద్దేశించి చేసినవి, కనీసం పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి. టైటానియం పిడి కూడా అన్నిసార్లూ వరం కాదు. ఉప్పునీటిలో టైటానియం పక్కన మామూలు ఇనుప స్క్రూ ఉంటే ఆ స్క్రూయే ముందు తినేసుకుపోతుంది. గాజునార కలిపిన నైలాన్ పిడి మేలు. తేలిక, నీరు పెద్దగా పీల్చదు. చెక్క పిడి ఉన్న ఓపినెల్ రకాలు తోటపనికి బాగుంటాయి గానీ, నీళ్లలో చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రాదు.

ఇరుసు దగ్గర బాల్ బేరింగులున్నవి వద్దు. ఇసుక రేణువు దూరిందంటే కరకరలాడుతుంది, ఆ గోళీలు కూడా చాలావాటిలో తుప్పు పట్టే స్టీలే. సాదా వాషర్లు చాలు. కంచు వాషరైతే కొద్దిగా పచ్చటి చిలుము పడుతుంది, తుడిస్తే పోతుంది. నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునేవి కూడా వద్దు. లోపలి సన్నటి స్ప్రింగు ఉప్పుకి ముందుగా విరుగుతుంది, జేబులో పొరపాటున తెరుచుకుంటే ఇంకో ప్రమాదం.

తెరవడం: తడి వేళ్లకి, అందులోనూ అరగంట ఈదాక మొద్దుబారిన వేళ్లకి, బ్లేడుని గోటితో లాగే గాడి పనికిరాదు. బ్లేడుకి పెద్ద గుండ్రటి రంధ్రం ఉన్నది తీసుకోండి, బొటనవేలి కండ అందులో కూర్చుంటుంది. కుడి చేత్తోనే కాదు, ఎడమ చేత్తో కూడా తెరవగలగాలి. ఏ చెయ్యి వలలో చిక్కుకుంటుందో ముందే తెలియదు కదా.

లాక్: వీపు వైపు పట్టీ ఉండే బ్యాక్ లాక్ నా ఇష్టం. లైనర్ లాక్‌లో (పిడి లోపలి పల్చటి పట్టీ పక్కకి జరిగి బ్లేడుని ఆపే రకం) ఇసుక రేణువు అడ్డుపడితే పట్టీ సగమే కూర్చుంటుంది, కోసేటప్పుడు బ్లేడు వేళ్ల మీదకి మడుచుకుంటుంది. బ్యాక్ లాక్ గాడిలోనూ ఇసుక పడుతుంది, కానీ కడగడం తేలిక.

ఆకారం: మొన లేనిది, గొర్రె డెక్కలా ముందు మొండిగా ఉండేది. అలల్లో ఊగుతూ సొంత కాలి మీదున్న వలని కోసేటప్పుడు మొన ఉంటే తొడలోనో ఫ్లోటులోనో దిగుతుంది. పొడవు 60 నుంచి 75 మిల్లీమీటర్లు చాలు. పళ్లు పూర్తిగా ఉన్నదే తీసుకోండి. వదులుగా ఉన్న నైలాన్ తాడు మీద మామూలు అంచు జారిపోతుంది, పళ్లయితే పట్టుకుని కోస్తాయి.

తీరంగీత:
ఇద్దరూ చెప్పిందంతా సరే. కానీ ప్రశ్నలోనే చిన్న తిరకాసు ఉంది. టంగుసు వలకి మొదటి పనిముట్టు మడత చాకు కాదు, లైన్ కట్టర్. ఇరుకు సందు లోపల చిన్న బ్లేడు దాగి ఉండే కొక్కెం లాంటిది. తెరవక్కర్లేదు, చర్మం తెగదు, దారాన్ని సందులో పెట్టి లాగితే చాలు. లోపలి బ్లేడు మామూలు ఇనుమైతే తుప్పు పడుతుంది, కాబట్టి బ్లేడు మార్చుకునే రకం చూడండి. ధర చాకుతో పోలిస్తే చాలా తక్కువ. రెండు కొని ఒకటి బెల్టుకి ఎడమ వైపు, ఇంకొకటి ఫ్లోటు పట్టీకి కట్టండి.

వల తగిలితే చేయకూడనిది మొదట చెప్తాను: కాళ్లు తన్నడం, ఒళ్లు తిప్పడం. ఒక్కో తిప్పుకి ఇంకో చుట్టు పడుతుంది. టంగుసు నీళ్లలో కనిపించదు కూడా. ఫ్లోటుని లాక్కుని ఒక చేత్తో గుండెకి ఆనించుకోండి, కాళ్లు వదులుగా వదిలేయండి, ఊపిరి కుదుటపడనివ్వండి. తర్వాత ఒక్కో దారం వేలితో బిగించి కోయండి. వదులు దారం ఏ కత్తికీ సులువుగా తెగదు. కోత ఎప్పుడూ ఒంటికి దూరంగా బయటికి.

లంగరు:
గీత గారూ, పల్చటి వలకి మీ మాట ఒప్పుకుంటాను. కానీ వల పై అంచు తాడు 6-8 మిల్లీమీటర్లు ఉంటుంది, అది కట్టర్ సందులోకి దూరదు. కొట్టుకొచ్చే ముక్కల్లో చాలాసార్లు ఆ తాడుతో సహా వస్తుంది. అందుకని కట్టర్ ఒకటి, చాకు ఒకటి.

కట్టుకునే చోటు గురించి. నిక్కరు జేబుకి క్లిప్పు పెడితే అల దెబ్బకి ఊడిపోతుంది. మెడలో వద్దు, మణికట్టుకి కూడా వద్దు. తాడే చిక్కుకుంటే మొదటి సమస్య మీద రెండోది. ఫ్లోటు బెల్టుకి అడుగున రంధ్రాలున్న చిన్న సంచీ బిగించి, చాకుని 2 మిల్లీమీటర్ల తాడుతో బెల్టుకి కట్టండి. తాడు 80 సెంటీమీటర్లు ఉంటే చెయ్యి చాపి మోకాలి కింద దాకా అందుతుంది. మిగతాది మడిచి రబ్బరు బ్యాండు పెట్టి ఉంచాలి, లేకపోతే వేలాడే తాడే ఇంకో ఉచ్చు.

తాడు లేకుండా తేలే బిళ్ల కడతామంటారు కొందరు. లెక్క చూడండి. 70 గ్రాముల నైలాన్ పిడి చాకులో 45 గ్రాములు స్టీలు అనుకుంటే, అది పక్కకు నెట్టే నీరు మొత్తం 25 మిల్లీలీటర్లకి కాస్త అటూఇటూ. నీళ్లలో ఇంకా 45 గ్రాముల బరువు ఉన్నట్టే. తాళం చెవికి కట్టే చిన్న కార్కు ఆపలేదు, కనీసం 60 మిల్లీలీటర్ల నురగ బిళ్ల కావాలి. అంత పెద్దది సంచీలో పట్టదు. పసుపు పిడి తీసుకోండి, తాడు కట్టండి, అంతే.

ఉప్పుగాలి:
చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. ఎల్‌సీ200ఎన్ పళ్ల బ్లేడు, రెండు లైన్ కట్టర్లు అనుకుంటున్నాను. కడగడం, నూనె వేయడం ఎలా? ఇంట్లో కొబ్బరి నూనె వేస్తే సరిపోతుందా? పళ్లకి సాన ఎలా పడతారు? పాత 440సీ చాకు బాగుపడుతుందా?

సానరాయి:
ఒడ్డుకి రాగానే చాకు తెరిచి బాటిల్ నీళ్లతో ఇరుసు మీద పోయండి, ఉప్పు ఆరి గడ్డకట్టకముందే. ఇంటికెళ్లాక గోరువెచ్చని మంచినీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టి, నీళ్లలోనే పదిసార్లు తెరిచి మూయండి. బోరు నీళ్లు బాగా గట్టివైతే చివర్లో ఫిల్టర్ నీళ్లతో ఒకసారి తొలపండి, లేకపోతే తెల్లటి సున్నం పేరుకుంటుంది. దులిపి, సగం తెరిచి, నీడలో రాత్రంతా ఆరనివ్వాలి. మడిచి పెట్టొద్దు.

కొబ్బరి నూనె వద్దు. కొన్నాళ్లకి ముక్కిపోయి జిగురవుతుంది, ఇసుక దానికే అంటుకుంటుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే నీటిని తరిమేయడానికి బాగుంటుంది గానీ కందెనగా నిలవదు. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక్క చుక్క ఇరుసులో, వారానికోసారి. రంగు, వాసన లేనిది చూసుకోండి, విరేచనం అవడానికి వేరే మందులు కలిపి అమ్మేది కాదు. ఎక్కువ వేస్తే మళ్లీ ఇసుక పట్టేస్తుంది.

ఈ రకం పళ్లకి ఎక్కువగా ఒక వైపే సాన ఉంటుంది. కోసుగా సన్నబడే డైమండ్ కడ్డీతో ఒక్కో గుంటలో నాలుగైదు సార్లు, సాన ఉన్న వైపు మాత్రమే. రెండో వైపు కడ్డీని బల్లపరుపుగా ఆనించి ఒక్కసారి, అంచున లేచిన ముళ్లు పోవడానికి. పెద్దగా నునుపు చేయక్కర్లేదు. తాడు కోయడానికి కాస్త గరుకు అంచే మంచిది, 400-600 గ్రిట్ (సాన గరుకు కొలత) దగ్గర ఆపేయండి.

పాత చాకు: పైపై మచ్చలకి నానబెట్టిన చింతపండు గుజ్జు ఐదు నిమిషాలు రాసి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగేయండి. ఇనుప పీచు మాత్రం తాకించొద్దు, దాని రేణువులు బ్లేడులో దిగి అవే మళ్లీ తుప్పు పడతాయి. గోరుకి తగిలే గుంటలు పడి ఉంటే అవి పోవు, వంటింటికి ఇచ్చేయండి. ఇరుసు స్క్రూ బిగుసుకుపోతే డబ్ల్యూడీ-40 పోసి ఒక రాత్రి వదిలి, సరైన సైజు స్టార్ బిట్‌తోనే తిప్పండి. తల అరిగిందంటే ఇక రాదు.

తీరంగీత:
కొత్తది వచ్చాక నేరుగా సముద్రంలోకి తీసుకెళ్లొద్దు. ముందు ఒడ్డున నడుములోతు నీళ్లలో నిలబడి, బెల్టు కట్టుకుని, కళ్లు మూసుకుని ఇరవైసార్లు తీసి తెరిచి మూసి పెట్టండి, పది ఎడమ చేత్తో. తర్వాత 6 మిల్లీమీటర్ల నైలాన్ తాడు ముక్క కాలికి వదులుగా చుట్టుకుని కోసి చూడండి. పక్కన ఇంకొకరు ఉండాలి. మూడు నాలుగు లాగుళ్లలో తెగకపోతే పదునో, పళ్లో సరిగ్గా లేనట్టే.

చట్టం గురించి ఎవరూ అనలేదు కాబట్టి: ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులనే లెక్కలోకి తీసుకుంటారు, ఇంటి పనికీ వ్యవసాయానికీ వాడేవి మినహా. మీది అందులో మూడో వంతు కూడా ఉండదు. అయినా బీచ్ దాకా సంచీలోనే పెట్టుకెళ్లండి, నడుముకి వేలాడదీసి జనం మధ్య తిరగొద్దు. గోవాకో అండమాన్‌కో విమానంలో వెళ్తే చాకు చెక్-ఇన్ సామాన్లలో వేయాలి. లైన్ కట్టర్ కూడా అందులోనే.