కాంబాట్ ‘స్మూత్‌గా ఉంది’ అని వదిలేస్తే సరిపోతుందా?

ఏడురోడ్ల_గేమర్ (శ్రీకాకుళం)

ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో నాకు చిన్న గేమింగ్ షాపు ఉంది. రెండు ప్లేస్టేషన్లు, ఒక పీసీ, గంటల లెక్కన అద్దె. సాయంత్రం కాలేజీ వదిలాక వచ్చే గుంటలు ఆడేది తక్కువ, వాదించుకునేది ఎక్కువ. మొన్నటి గొడవ ‘సెకిరో’, ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ అనే రెండు కత్తి ఆటల్లో ఏది గొప్పదా అని. ఇద్దరూ ఫోన్లు తీసి చెరో తెలుగు రివ్యూ పెట్టారు. రెండింట్లోనూ అదే మాట: కాంబాట్, అంటే ఆటలో కొట్లాట, చాలా స్మూత్‌గా ఉంది, పదికి తొమ్మిది. కథ గురించి పది నిమిషాలు చెప్పారు, గ్రాఫిక్స్ గురించి ఐదు. ఆట మొత్తం మన చేతులు చేసే పనికి మాత్రం ఒక్క ముక్క!

కత్తి, జపాన్ పక్కన పెడితే ఈ రెండు ఆటలకీ పొంతనే లేదు. సెకిరోలో (2019) ఎదుటివాడికి ప్రాణంతో పాటు పోశ్చర్ అని, వాడు ఎంత తూలుతున్నాడో చూపించే ఇంకో బార్ ఉంటుంది. వాడి దెబ్బని సరైన క్షణంలో కత్తితో కొడితే అది నిండుతుంది. నిండిపోతే ప్రాణం ఎంత మిగిలినా వాడి పని అయిపోయినట్టే. మామూలుగా ఆపలేని దెబ్బ వస్తుంటే ఎర్రటి అక్షరం మెరుస్తుంది. అసలు తెలివంతా అక్కడే ఉంది. పొడిచినా, కాళ్ల మీద కోసినా, మీదపడి పట్టుకోబోయినా మెరిసేది ఆ ఒక్క అక్షరమే. పొడిస్తే ఎదురెళ్లి కత్తిని కాలితో తొక్కాలి, కోస్తే ఎగరాలి, పట్టుకోబోతే పక్కకి తప్పుకోవాలి. మూడింట్లో ఏదో వాడి భుజం కదలిక చూసి మనమే తేల్చుకోవాలి.

సుషిమాలో (2020) ఎర్ర మెరుపు వస్తే తప్పుకోవడమే. అక్కడ బుర్ర పెట్టాల్సింది వేరే చోట: ఎదురుగా ఉన్నవాడి చేతిలో కత్తి ఉందా, డాలు ఉందా, బల్లెం ఉందా చూసి స్టాన్స్, అంటే మనం కత్తి పట్టి నిలబడే తీరు, మార్చాలి. అంటే సెకిరో ఒక్కడి ఒంటిని గమనించమంటుంది, సుషిమా గుంపుని లెక్కపెట్టమంటుంది. ఈ మాత్రం చెప్పడానికి రివ్యూ చేసేవాళ్లకి ఏం అడ్డం? లేక కాంబాట్ అంటే ఎవడి ఇష్టం వాడిది, చర్చించడానికి ఏమీ లేదంటారా?

రాజాం_కుర్రోడు

అన్నా, మజా వచ్చిందా లేదా, అంతే కదా. రివ్యూ చేసేవాడు ఆట వచ్చిన వారంలో వీడియో పెట్టకపోతే చూసేవాడు ఉండడు. నువ్వు చెప్పినట్టు భుజాల గురించి చెబుతూ కూర్చుంటే జనం స్కిప్ కొడతారు. పైగా పెద్ద ఆటలన్నీ ఒకే బాపతు. బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ చూడు, చుట్టూ పదిమంది నిలబడతారు, ఒకడో ఇద్దరో వచ్చి తన్నించుకుంటారు, మిగతావాళ్లు చూస్తుంటారు. మన సినిమా ఫైటే. దానికి డిజైన్ అని పెద్ద పేరొకటి.

గంటస్తంభం (విజయనగరం)

తమ్ముడూ, నేను చిన్నప్పుడు మా తాతగారి దగ్గర కర్రసాము నేర్చుకున్నాను. నలుగురు ఒకడి మీద పడితే నలుగురూ ఒకేసారి కర్ర తిప్పలేరు. తిప్పితే ముందు పక్కవాడి మోచెయ్యి పగులుతుంది. కాబట్టి వంతులవారీగా రావడం నువ్వు అనుకున్నంత అబద్ధమేం కాదు.

కానీ ఆటల్లో ఆ వంతులు పెట్టేది కర్ర తగులుతుందని కాదు, మన కంటి కోసం. తెర మీద కనపడనివాడు కొడితే ఆడేవాడికి ఒళ్లు మండుతుంది. ఆర్కమ్ అసైలం (2009) కొట్టబోయేవాడి తల మీద గుర్తు పెట్టి ఆ సంగతి తేల్చేసింది. గాడ్ ఆఫ్ వార్ సంగతి ఇంకా బాగుంటుంది. 2005లో కెమెరా దూరంగా ఉండేది, చుట్టూ ఉన్నవాళ్లంతా కనపడేవారు. 2018 ఆటలో దాన్ని హీరో క్రేటోస్ భుజం వెనక్కి తెచ్చారు. దాంతో వీపు వెనక ఎవడున్నాడో తెలియదు. అందుకే చుట్టూ బాణం గుర్తులు పెట్టారు, వెనక ఎవడైనా వస్తుంటే కొడుకు అట్రియస్ చేత అరిపించారు.

నేను చూసిన ఒక రివ్యూలో కెమెరా సినిమాలా అద్భుతం అని మెచ్చుకున్నారు, ఐదు నిమిషాల తర్వాత వెనక నుంచి దెబ్బలు పడుతున్నాయని తిట్టారు. రెండూ ఒకే నిర్ణయం వల్ల వచ్చాయని ఆయనకి తట్టనే లేదు. ఏడురోడ్ల అన్నగారు అడిగేది దీని గురించే అనుకుంటా.

బొబ్బిలివీణ

మాది బొబ్బిలి, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. గంటస్తంభం గారు చెప్పింది నిజం. ఇంకోటి కలుపుతాను. రివ్యూల్లో "దెబ్బ బరువుగా ఉంది" అంటుంటారు. కత్తి తగిలిన క్షణంలో రెండు బొమ్మల్నీ కొన్ని ఫ్రేముల పాటు (ఫ్రేమ్ అంటే తెర మీద పడే ఒక్కో చిత్రం) ఆపేస్తారు, హిట్ స్టాప్ అంటారు. బరువు చాలావరకు అందులోంచే వస్తుంది. దెబ్బకి ముందు చెయ్యి ఎంతసేపు పైకి లేస్తుంది, తర్వాత తేరుకోవడానికి ఎంత పడుతుంది, ఇవన్నీ వీడియో ఆపి లెక్కపెట్టొచ్చు. ఇష్టాయిష్టాలు ఆ తర్వాతి మాట.

కానీ కథనీ కొట్లాటనీ వేరు చేసి మార్కులు వేయడమే నాకు అసలు చిరాకు. 2007లో క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ బయోషాక్ అనే ఆట మీద రాసినప్పటి నుంచీ ఈ చర్చ ఉంది: కథ ఒకటి చెబుతుంది, మనతో చేయించేది ఇంకోటి. దీనికి ఆయన పెట్టిన పేరు ‘లూడోనారేటివ్ డిసోనెన్స్’. అన్‌చార్టెడ్ 4లో (2016) వెయ్యిమందిని చంపితే వచ్చే ట్రోఫీకి ఆ పేరే పెట్టి, ఆ విమర్శ మీద వాళ్లే జోక్ వేశారు. లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో అయితే మనం చంపినవాణ్ణి పక్కవాడు పేరు పెట్టి పిలుస్తాడు. నేను రెండుసార్లు కంట్రోలర్ కింద పెట్టేశాను. దాన్ని కథ కింద మార్కులేస్తారా, కాంబాట్ కింద వేస్తారా?

అదే ఆటకి 2020 జూన్ 19న, విడుదలైన రోజునే, రివ్యూ మార్కులు పోగేసే మెటాక్రిటిక్ సైటులో జనం సున్నాలు గుమ్మరించారు. ఇరవై గంటలు దాటే ఆటని ఆ పూటకే ఎవరు ముగించారట? ఆ తర్వాత నెలలో ఆ సైటు 36 గంటలు ఆగాకే యూజర్లు రివ్యూ రాయాలని నియమం పెట్టుకుంది. ఈ గోలలో దాని కొట్లాట గురించి మాట్లాడినవాళ్లు ఎంతమంది?

ఏడురోడ్ల_గేమర్

వీణ గారూ, లాస్ట్ ఆఫ్ అస్‌లో ఆ పేరు పెట్టి పిలిచే సంగతి మా షాపులో పనిచేయదండీ. పక్కపక్కనే రెండు టీవీలు, సౌండ్ పెడితే పైవాళ్లు దిగొస్తారు. మ్యూట్‌లో పెట్టి, ఫోన్‌లో పాటలు వింటూ ఆడతారు గుంటలు. వాళ్లకి అది మామూలు తుపాకుల ఆటే, బాగానే ఆడుకుని పోతారు. చెవిలో పడకపోతే పోయే డిజైన్‌ని ఎంత మెచ్చుకోవాలో నాకు సందేహమే. సెకిరోలో కూడా కత్తుల చప్పుడుకి విలువుంది, అయినా మ్యూట్‌లో ఆడి బాస్‌ని కొట్టిన కుర్రాళ్లున్నారు.

ఫ్రేముల మాటకొస్తే, 60 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 60 ఫ్రేములు) ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ వేయకపోతే బొమ్మ తెర మీదికి రావడానికే ఎన్నో ఫ్రేములు తినేస్తుంది. మా రెండో టీవీ పాతది, దాంట్లో ఆ మోడే లేదు. దాని ముందు కూర్చున్నవాడు సెకిరో చెత్త అంటాడు, మొదటి టీవీ దగ్గరవాడు సూపర్ అంటాడు. కత్తి అడ్డం పెట్టే ఎల్1 బటన్ గబగబా నొక్కేస్తే డిఫ్లెక్ట్‌కి, అంటే దెబ్బని సరైన క్షణంలో కొట్టడానికి, దొరికే టైమ్ ఇంకా కుంచించుకుపోతుంది, కంగారుపడి రెండో టీవీవాడు అదే చేస్తాడు. రివ్యూ చెప్పేవాళ్లు ఏ తెర మీద ఆడారో, ఏ డిఫికల్టీలో ఆడారో మొదటి నిమిషంలో చెబితే సగం గొడవలుండవు.

రాజాం_కుర్రోడు

నేను ఎప్పుడూ ఆ రెండో టీవీ దగ్గరే కూర్చుంటున్నాను కదా అన్నా! ఇన్నాళ్లూ చెప్పలేదేం? ఈ ఆదివారం మొదటిది నాకు ఆపి ఉంచు. మజా రాకపోతే ఆ గంట డబ్బులు ఇవ్వను.