వార్డులో తెలుగే మాట్లాడాలన్న నోటీసు సబబేనా?

పొగతోట నైట్‌డ్యూటీ:
నెల్లూరు పొగతోటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తున్నా. పేరు అడక్కండి. సిస్టర్లలో ముగ్గురు కేరళవాళ్లు, వార్డ్‌బాయ్ ఒడిశా కుర్రాడు, డ్యూటీ డాక్టరుది చెన్నై, ఆయాలంతా మనవాళ్లే. పోయిన వారం సిస్టర్లు కూర్చునే నర్సింగ్ స్టేషన్ దగ్గర గోడకి కాగితం అంటించారు: 'డ్యూటీలో తెలుగు మాత్రమే మాట్లాడవలెను.'

దీని వెనక కథ ఇది. ఒక అవ్వకి మోకాలికి కాపడం పెట్టాలి. కొత్తగా వచ్చిన కేరళ సిస్టర్ హడావుడిలో మా ఆయాతో "చూడు వెళ్ళం, చూడు వెళ్ళం" అనింది. మలయాళంలో అంటే వేడినీళ్లు. ఆయా చెవిన "చూడూ, మేం వెళ్ళం" అని పడింది. "నిన్ను ఎవురు పొమ్మన్నారు తల్లా?" అని ఈమె ఎదురు తిరిగింది. నవ్వుకుని వదిలేయాల్సింది, మేనేజ్‌మెంట్ దాకా పోయింది. అవ్వ మోకాలు మాత్రం ముప్పావుగంట అట్టాగే ఉంది.

నాకైతే నోటీసు నచ్చలా. మీరేమంటారు?

ఒంగోలు కర్నూల్‌రోడ్:
నాకు నచ్చింది. మా నాయన నాలుగు రోజులు ఒక ఆస్పత్రిలో ఉన్నాడు. రాత్రి రెండింటికి ఇద్దరు సిస్టర్లు ఆయన మంచం పక్కనే నిలబడి వాళ్ల భాషలో మాట్లాడుకున్నారంట. పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని "నా దగ్గర ఏమన్నా దాస్తన్నారా అబ్బయ్యా?" అన్నాడు. వాళ్లు హాస్టల్ భోజనం గురించే మాట్లాడుకుని ఉండొచ్చు. కానీ ఆయనకి ఆ రాత్రి నిద్ర లేదు. టీ గదిలో ఏ భాషైనా మాట్లాడుకోండి. పేషెంటు పక్కన మాత్రం పేషెంటుకి తెలిసిన భాషే.

రిటైర్డ్ సిస్టర్, కావలి:
మంచం పక్కన సంగతి ఒప్పుకుంటా. కానీ తప్పులు భాషల మధ్యే జరుగుతాయనుకోవద్దు. ఒకసారి ఫోన్లో మన తెలుగు డాక్టరే ఇన్సులిన్ 'ఫిఫ్టీన్' అన్నాడు, నాకు 'ఫిఫ్టీ' అని వినపడింది. "వన్ ఫైవా, ఫైవ్ జీరోనా సార్?" అనడిగితే విసుక్కున్నాడు. విసుక్కోనీ, జవాబు చెప్పాడు కదా. కాగితం మీద కూడా అంతే. యూనిట్లకి బదులు ఇంగ్లీషు 'యూ' అక్షరం ఒక్కటే రాస్తే, 10 పక్కన అది సున్నాలా కనపడి 100 అవుద్ది. అందుకే మాట పూర్తిగా రాయమనేది.

డ్యూటీ మారేటప్పుడు అప్పగింతకి 'ఎస్‌బార్' అని ఒక వరస ఉంది. అమెరికా నేవీ జలాంతర్గాముల్లో పుట్టింది, కైజర్ పర్మనెంటే ఆస్పత్రుల వాళ్లు వైద్యంలోకి తెచ్చారు. ఇప్పుడేమైంది, ముందు సంగతేంటి, నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి. ఈ నాలుగే. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. ఆ తిరిగి చెప్పడం లేకపోతే మిగతాదంతా దండగ.

ఒంగోలు కర్నూల్‌రోడ్:
మేడమ్, రాత్రిపూట వార్డు మొత్తానికి ఇద్దరే సిస్టర్లు. ఈ వరసలన్నీ కార్పొరేట్ ఆస్పత్రులకి కుదురుతాయి.

రిటైర్డ్ సిస్టర్, కావలి:
ఇద్దరే ఉన్నచోటే కావాలి నాయనా. మనిషికి ఒక నిమిషం పట్టదు. తప్పు మందు ఎక్కితే ఎన్ని గంటలు పోతాయో లెక్కేసుకో.

తిరువల్ల నుంచి నెల్లూరు:
నేను ఆ కేరళ సిస్టర్లలాంటిదాన్నే. వచ్చి ఆరేళ్లయింది. తెలుగులో తప్పులుంటే క్షమించండి.

వచ్చిన మొదటి నెలలో ఆయా నా దగ్గరకొచ్చి "మూడో బెడ్డు తాతకి రాత్రి నుంచి నలతగా ఉందమ్మా" అంది. మలయాళంలో 'నల్లదు' అంటే మంచిది. తాతకి బాగుందనుకుని, తల ఊపి, నాలుగో బెడ్డుకి పోయాను. గంట తర్వాత టెంపరేచర్ చూస్తే 102. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

తర్వాత ఆ ఆయానే నాకు తెలుగు నేర్పింది. ఎగపోత, వాంతి వచ్చేట్టుంది, ఒంటికి పోవాలి, కళ్లు తిరుగుతున్నాయి. మలయాళం అక్షరాల్లో చిన్న పుస్తకంలో రాసుకున్నాను. తెలుగు రావాలి, నేను కాదనను. నోటీసు పెట్టినవాళ్లు మాకు ఒక్క గంటైనా తెలుగు చెప్పించారా అని మాత్రం అడుగుతాను. ఇంకో మాట. తిడతారని భయముంటే కొత్త పిల్ల అర్థం కాకపోయినా "సరే" అంటుంది. నేనూ అన్నాను.

ఒంగోలు కర్నూల్‌రోడ్:
ఆ "సరే" సంగతి నేను ఆలోచించలేదు సిస్టర్. మంచం పక్కన తెలుగు అనే మాట మీద మాత్రం ఉన్నా.

పొగతోట నైట్‌డ్యూటీ:
అందరికీ థ్యాంక్స్. అసలు మా వార్డులో భాషకంటే రోస్టర్ దగ్గరే గొడవలెక్కువ. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు పోవాలని ఒకరు, ఓణానికి ఊరెళ్లాలని ముగ్గురు. అది ఇంకోసారి రాస్తా.

నిన్న రాత్రి నుంచి అప్పగింతలో తిరిగి చెప్పించడం మొదలుపెట్టా. ఒడిశా కుర్రాడు కూడా చెప్పాడు, కాస్త సిగ్గుపడుతూ. నోటీసు ఇంకా అట్టాగే ఉంది. దాని కింద ఎవరో పెన్నుతో 'చూడు వెళ్ళం = వేణ్ణీళ్లు' అని రాశారు. ఆ వంకర అక్షరాలు మా ఆయావే.