అప్‌డేట్: బాయిలర్ నల్ల పొగ ఆగింది

మా ఫర్నేస్ ఆయిల్ (వేడి చేస్తేగానీ పల్చబడని చిక్కటి ఇంధనం) బాయిలర్ చిమ్నీ నుంచి నల్ల పొగ వస్తోందని, గాలి ఎంత పెంచినా తగ్గట్లేదని అడిగాను కదా. లోపం గాలిలో కాదు, ఆయిల్ వేడిలో ఉంది. ఆయిల్‌ను వేడి చేసే హీటర్‌లో ఒక కాయిల్ కాలిపోయి, బర్నర్ దగ్గర ఆయిల్ 70 డిగ్రీలే ఉంది. అంత చిక్కటి ఆయిల్ నాజిల్‌లో సన్నటి తుంపరగా విడిపోదు. పెద్ద బొట్లు పూర్తిగా కాలకుండానే మసి అవుతాయి. నాజిల్ విప్పితే మూతి చుట్టూ బొగ్గులా గట్టిపడిన పెచ్చు! ఇత్తడి బ్రష్‌తో గీకాం. కాయిల్ మార్చాక ఆయిల్ 110 డిగ్రీలకు వచ్చింది, పొగ ఆగింది.

గాలి కూడా మళ్లీ తగ్గించాం, లేకపోతే వేడంతా చిమ్నీలోంచే పోతుంది. ఫ్లూ గ్యాస్‌లో (చిమ్నీలోంచి పోయే వాయువుల్లో) ఆక్సిజన్ 8 శాతం నుంచి 4కి దిగింది. ముందు హీటర్ చూడమన్న అన్నకు దండాలు. బాయిలర్ ట్యూబుల్లో పట్టిన మసి ఆదివారం దులుపుతాం.