డిస్క్ బల్జ్ ఉన్నవాళ్లు పిలాటీస్ క్లాసుకి పోవచ్చా?

మాదాపూర్_డెస్క్: నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 ఎముకల మధ్య డిస్క్ బల్జ్ (మెత్తటి డిస్క్ బయటికి ఉబ్బడం), నొప్పి తగ్గుముఖం పట్టింది అనుకుందాం. ఫిజియో మానేసి నేరుగా పిలాటీస్ (పొట్ట, నడుం పట్టు పెంచే వ్యాయామాలు) గ్రూప్ క్లాసులో చేరొచ్చా? ఆఫీసుల్లో అందరూ ఇచ్చే సలహా ఇదే.

నడుం_ఫిజియో: చేరొచ్చండి, కానీ చాలా క్లాసుల్లో మొదటి పది నిమిషాలే ముంచుతాయి. హండ్రెడ్‌తో మొదలుపెడతారు: వెల్లకిలా పడుకుని తల, భుజాలు లేపి, కాళ్లు చాచి, 5 లెక్కలు పీల్చి 5 లెక్కలు వదులుతూ చేతులు 100 సార్లు ఆడించాలి. కాళ్లు కిందికి దిగేకొద్దీ పొట్ట పట్టు సరిపోక నడుం నేల వదిలేస్తుంది. ఆ తర్వాత రోల్ అప్, అంటే పడుకున్నచోటి నుంచి వెన్ను చుట్టుకుంటూ ముందుకి వంగి లేవడం. వంగితే నొప్పి కాల్లోకి లాగేవాళ్లకి పడనిది సరిగ్గా అదే. తల నేల మీదే ఉంచి, మోకాళ్లు మడిచి, ఒక్కో మడమ నేలకి తాకించి తేవడం చాలు, దాంతోపాటు బ్రిడ్జి (పడుకుని నడుం పైకి లేపడం). ఒక్కోటి 8 సార్లు, రెండు విడతలు. నొప్పి కాలు వదిలి నడుంలోకి వస్తే మంచి గుర్తు, పాదం వైపు దిగితే ఆపాలి.

రిఫార్మర్_అన్న: మరీ పామును చూసినట్టు చూస్తుర్రు సార్. రిఫార్మర్ (స్ప్రింగులతో కదిలే పలక ఉన్న పిలాటీస్ మిషన్) మీద స్ప్రింగులు తగ్గిస్తే అయిపోతది కదా?

నడుం_ఫిజియో: పడుకుని కాళ్లతో తోసే ఫుట్‌వర్క్‌లో మీ మాట నిజం. ప్లాంక్‌లా చేసే లాంగ్ స్ట్రెచ్‌లో తిరగబడుతుంది. స్ప్రింగు తగ్గితే క్యారేజీ (ఆ కదిలే పలక) జారిపోతుంది, దాన్ని ఆపే పని పొట్ట, నడుం మీద పడుతుంది. దెబ్బ తిన్నవాళ్లకి అక్కడ స్ప్రింగు పెంచాలి.

ఫ్లైఓవర్_కోచ్: నడుం వరకు ఒప్పుకుంటా. నడుం నొప్పి మీద అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2015 కాక్రేన్ సమీక్షలో కూడా, పెద్దగా చికిత్స ఏమీ లేనిదానికన్నా పిలాటీస్ మేలన్నారు, మిగతా వ్యాయామాలకన్నా మేలని తేల్చలేదు. నా అభ్యంతరం "రన్నింగ్ గాయాలు రానివ్వదు" అనే ప్రచారం మీద. ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌కి ఫ్లైఓవర్లు ఎక్కే పిక్కకి పడుకుని తోసిన స్ప్రింగు ఏ మూలకి? మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు నొప్పికి మెట్టు అంచున నిలబడి మడమ మెల్లగా దించాలి: మోకాలు నిటారుగా 15 సార్లు మూడు విడతలు, మోకాలు మడిచి మళ్లీ అంతే, రోజుకి రెండుసార్లు, 12 వారాలు. నొప్పి ఎముకకి అతుక్కునే చోట ఉంటే మాత్రం మెట్టు వద్దు, నేల మీదే.

రిఫార్మర్_అన్న: అది పిక్క సంగతి. తుంటి, పొట్ట పట్టు ఎవలు చూస్తరు?

ఫ్లైఓవర్_కోచ్: చూడనీ అన్నా, వారానికి రెండుసార్లు. బరువుల రోజు మాత్రం తీసెయ్యొద్దు.

నడుం_ఫిజియో: మాదాపూర్ గారూ, క్లాసయ్యాక గుంతల్లో గంట స్కూటీ ప్రయాణం కూడా లెక్కలోకి తీసుకోండి. మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా క్లాసు కాదు, అదే రోజు ఎమర్జెన్సీ.