ఏడాదికి 5 వేలు కూడా తిరగని కారుకు సర్వీసింగ్ ఎప్పుడు?

నమస్కారం. మాది హనుమకొండ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆరేళ్ల పెట్రోల్ కారు ఉంది. రోజూ కాజీపేటలో ఆఫీసుకు, నెలకోసారి ములుగు దగ్గర మా అత్తగారి ఊరికి, అంతే.

కారుతో వచ్చిన పుస్తకంలో 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అది అని రాసుంది. సగం కూడా తిరగకుండా ఆయిల్ మార్చడం దండగ అంటాడు మా బావ. మొన్న డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూశాను. ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది కానీ నల్లగా ఉంది. నలుపైతే పాడైనట్టేనా? ఎయిర్ ఫిల్టర్ మడతల్లో దుమ్ము, పైగా పత్తి నూగు! ఎనుమాముల మార్కెట్ దారి పుణ్యం.

సర్వీస్ సెంటర్‌లో 9,800 ఎస్టిమేట్ ఇచ్చారు. ఆయిల్, ఫిల్టర్లకు 3 వేలు దాటలేదు. మిగతాదంతా ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్. ఇవన్నీ ఏటా అవసరమా? బ్రేక్ ప్యాడ్ల సంగతి మాత్రం నేను అడిగితే గానీ ఎత్తలేదు. బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కే గుర్తులేదట, నా అసలు టెన్షన్ అదే. బయట మెకానిక్‌తో చేయించేవాళ్లు ఏమేం దగ్గరుండి చూసుకుంటారో కాస్త చెప్పండి.