వాడిన బండా, కొత్త బండా? రాత్రి డ్యూటీకి వెళ్లే నాకు ఏది నయం?

తొలిగేరు:

నేను ఆసుపత్రిలో నర్సును. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీలే. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య 22 కిలోమీటర్లు. ఇంతకాలం బస్సులోనే తిరిగాను. తెల్లవారుజామున డ్యూటీ దిగి, కాళ్లు పీకుతుంటే బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడటం ఇక నా వల్ల కావడం లేదు. మోటారు సైకిల్ నడపడం నేర్చుకున్నాను, లైసెన్సు కూడా చేతికొచ్చింది.

నా దగ్గరున్న డబ్బుకు వాడిన బండి అప్పు లేకుండా వస్తుంది. కొత్తది కావాలంటే మూడేళ్లు వాయిదాలు కట్టాలి. వాడిన బండ్లు రెండు చూసి వచ్చాను. రెండూ 150 సీసీవే, ధర కూడా ఇంచుమించు ఒకటే. మొదటిది ఎనిమిదేళ్ల బండి. మీటరు మీద 9,000 కిలోమీటర్లే ఉంది. యజమాని చాలాకాలం వేరే ఊళ్లో ఉండటంతో కవరు కప్పి ఉంచారట. ఎక్కడా గీత లేదు, తళతళలాడుతోంది. రెండోది ఐదేళ్లది, 41,000 కిలోమీటర్లు తిరిగింది. ట్యాంకు మీద గీతలున్నాయి, సీటుకు ఒకచోట కుట్లు వేశారు. యజమాని రోజూ దాని మీదే ఉద్యోగానికి వెళ్తారు. సర్వీసు బిల్లులన్నీ ఒక సంచిలో దాచి ఉంచారు.

నా మనసు మొదటి దాని మీద ఉంది. మా అమ్మ మాత్రం, ఎవరో వదిలించుకుంటున్న బండి నీకెందుకు, అప్పు చేసైనా కొత్తదే కొనమంటోంది. అర్ధరాత్రి దారిలో ఆగిపోతే ఎలా అన్నదే నా భయమంతా. ఇంజను గురించి నాకేమీ తెలియదు. పెద్దలు, అనుభవం ఉన్నవారు కాస్త చెప్పండి.

గ్రీజుచేతులు:

అమ్మా, కొత్తదా పాతదా అన్నది తరవాత చూద్దాం. ముందు ఆ మెరిసే బండి సంగతి తేల్చుకోండి. సరిగ్గా అలాంటిదే కొని నేను ఏడాది పాటు అవస్థ పడ్డాను.

2018లో కొన్నాను. 2011లో తయారైన బండి, తిరిగింది 6,000 కిలోమీటర్లు. యజమాని కవరు తీయగానే మరో మాట లేకుండా బేరం కుదుర్చుకున్నాను. ఇంటికి తెచ్చిన మూడో రోజు నుంచి పొద్దున స్టార్టు అయ్యేది కాదు. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) విప్పితే అడుగున పెట్రోలు ఎండిపోయి పసుపు పచ్చని బంకలా పేరుకుని ఉంది. పెట్రోలు వెళ్లాల్సిన సన్నని రంధ్రం, వెంట్రుక పట్టేంతది, పూర్తిగా మూసుకుపోయింది. శుభ్రం చేసి బిగించాను. పది రోజులకు మళ్లీ అదే వరస. ఫోను లైటు వేసి ట్యాంకులోకి చూస్తే లోపలి గోడంతా తుప్పు. అదే పొడిగా రాలి కిందికి వస్తోంది. మూడుసార్లు విప్పాక గానీ ట్యాంకులోకి చూడాలన్న ఆలోచన రాలేదు.

అది ఖర్చుతో పోయింది. అసలు భయపడింది టైరు విషయంలో. గాడులు కొత్త టైరుకు ఉన్నంత లోతుగా ఉన్నాయి. ఓ రోజు చిన్న తుంపర పడుతోంది. పాదచారులు దాటడానికి రోడ్డు మీద వేసే తెల్ల పట్టీల మీదికి నడక వేగంతో వెళ్లాను. వెనక చక్రం పక్కకు జారింది. కాలు ఆనించి ఆపుకున్నాను గానీ గుండె ఆగినంత పనైంది. ఇంటికొచ్చి టైరు పక్క గోడ చూశాను. డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నా టైరు మీద 1411 అని ఉంది. 2011లో పద్నాలుగో వారం! గోరుతో నొక్కితే చెక్కను నొక్కినట్టే ఉంది.

రబ్బరుకు, బ్రేకు నూనెకు, బ్యాటరీకి కిలోమీటర్లతో పని లేదు, అవి ఏళ్లతో ముసలివవుతాయి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా నీరు పట్టిన నూనె గట్టిగా బ్రేకు వేసినప్పుడు వేడికి మరిగి, బ్రేకు పిడి పట్టు దొరక్కుండా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. బండి కదలకపోయినా రెండేళ్లకోసారి మార్చాలని తయారీదారులు చెప్పేది అందుకే. హ్యాండిల్ మీది చిన్న గాజు కిటికీలో చూడండి, లేత తేనె రంగు ఉండాలి.

ఇక రెండో బండి. ఐదేళ్లకు 41,000 అంటే రోజుకు 22 కిలోమీటర్ల పైచిలుకు. మీలాగే ఎవరో రోజూ పనికి వెళ్లి వచ్చారన్నమాట. నూనె వేళకు మార్చి ఉంటే ఆ ఇంజనుకు అదేమీ ముసలితనం కాదు. నేనైతే దాన్నే ముందు చూస్తాను. అయితే అరిగే భాగాలు అరిగే ఉంటాయి, ఇలా చూడండి.

మీరు వెళ్లేదాకా బండి స్టార్టు చేయవద్దని ముందే ఫోనులో చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లని ఇంజను ఎలా లేస్తుందో మీకు చూపించడం వారికి ఇష్టం లేదని అర్థం. పొగ నీలంగా వస్తే ఇంజను నూనె కాలుతోంది. చలి పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి వస్తే కంగారు పడవద్దు. వెనక పళ్ల చక్రానికి బాగా వెనుకవైపున గొలుసును వేళ్లతో పట్టి లాగండి. సగం పన్ను బయటికి కనిపించేంత లేస్తే గొలుసు, పళ్ల చక్రాలు కలిపి మార్చాల్సిందే. సెంటర్ స్టాండు వేయించి, ముందు చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ను ఒక వేలితో ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా తిప్పండి. నడిమధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే మెడ బేరింగులు, అంటే హ్యాండిల్ సాఫీగా తిరగడానికి ఉండేవి, పోయినట్టే. హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఆగేచోట ఫ్రేముకు ఒక అడ్డు ఉంటుంది. అది నలిగి ఉంటే బండి గట్టిగా గుద్దుకుంది, తిరిగి చూడకుండా వచ్చేయండి.

ఫ్రేము మీది ఛాసిస్ నంబరు కాగితాల్లోని దానితో అంకె అంకెకూ సరిపోవాలి. బండి మీద అప్పు బాకీ లేదని రాతపూర్వకంగా తీసుకోండి. మీ డబ్బులో ఐదో వంతు విడిగా ఉంచుకోండి, టైర్లకు, బ్రేకులకు వెంటనే అవసరం పడుతుంది.

వానకోయిల:

పై మాటలన్నీ నిజమే. అయినా నేను మీ అమ్మగారి పక్షం. నాదీ తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యే పని. నాకు మెకానిక్ వెంట తిరిగే తీరిక లేదు, పరిశీలించే నేర్పు అంతకంటే లేదు. కొత్త బండి కొన్నాను. మొదటి సర్వీసు వాళ్లు చెప్పిన కిలోమీటర్లకే చేయించాను, లేకపోతే వారంటీకి ఇబ్బంది అవుతుంది. నాలుగేళ్లుగా నూనె, గొలుసు, గాలి తప్ప నాకు మరో ఆలోచన లేదు. కొత్తదాని విలువ మొదటి ఏడాది రెండేళ్లలోనే బాగా పడిపోతుందని తెలుసు. పదేళ్లు వాడదలచిన మనిషికి ఆ లెక్కతో పనిలేదు. వాయిదాల మొత్తం ఎంతవుతుందో మాత్రం చివరి పైసా దాకా కూడి చూసుకోండి. నెల వాయిదా ఒక్కటీ చూస్తే చిన్నదిగానే కనిపిస్తుంది.

నేను కొత్తది తీసుకోవడానికి అసలు కారణం ఏబీఎస్. చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును క్షణంలో చాలాసార్లు పట్టి వదిలే ఏర్పాటు అది. మోటారు సైకిళ్లకు 1988లో బీఎండబ్ల్యూ కే100తో మొదలైంది, చిన్న బండ్ల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఓ తెల్లవారుజామున వానలో కుక్క అడ్డొచ్చింది. ఉన్న బలమంతా పెట్టి పిడి నొక్కాను. నా వేళ్ల కింద పిడి టకటకా కొట్టుకుంది, బండి తిన్నగా నిలబడి ఆగింది. ఆ కొట్టుకోవడం ఇప్పటికీ నా వేళ్లకు గుర్తే.

పాతది కొన్నా సరే, ఏబీఎస్ ఉన్నదే తీసుకోండి. తాళం తిప్పగానే ఏబీఎస్ దీపం వెలిగి, బండి కాస్త కదిలాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి.

రాత్రిబాట:

అర్ధరాత్రి ఆగిపోవడం గురించి ఒక్క మాట. నేను పన్నెండేళ్లుగా రాత్రిళ్లే నడుపుతున్నాను. ఆగిన ప్రతిసారీ కారణం పంక్చరో, బ్యాటరీయో, పెట్రోలో. ఇందులో కొత్త బండికి మినహాయింపు లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్న బండి చూసుకోండి. మేకు దిగినా గాలి చాలావరకు మెల్లగా పోతుంది, ఇల్లు చేరవచ్చు. బ్యాటరీని మీటరుతో చూపించుకోండి. ఇంజను ఆపి కొంతసేపయ్యాక 12.6 వోల్టుల దగ్గర, ఇంజను నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెల్మెట్ మాత్రం వాడినది కొనవద్దు. ఒకసారి నేలకు గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి మెత్త మళ్లీ దెబ్బ ఆపలేదు.

తొలిగేరు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని రెండు చోట్లకూ వెళ్లాను.

మెరిసే బండి దగ్గర ముందుగా ఇంజను మీద చేయి పెట్టాను. వేడిగా ఉంది. స్టార్టు చేయవద్దని ఫోనులో చెప్పినా చేసి ఉంచారు. టైర్ల మీది చివరి రెండంకెలు బండి తయారైన సంవత్సరమే. బ్రేకు నూనె కిటికీలో చూస్తే ముదురు గోధుమ రంగు. ఇదంతా మెకానిక్ చెప్పకముందే నేనే కనిపెట్టాను! ఇంతకుముందు చూడటానికి వెళ్లినప్పుడు ఇవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి, నేను రంగు చూసి వచ్చేశాను.

రెండో బండి చల్లగా ఉంది. రెండోసారి బటన్ నొక్కగానే అందుకుంది, పొగ లేదు. ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది. దీపం వెలిగింది, వీధి మలుపు దాటకముందే ఆరిపోయింది. గొలుసు, పళ్ల చక్రాలు 29,000 దగ్గర మార్చిన బిల్లు సంచిలో దొరికింది. హ్యాండిల్ తిప్పితే మాత్రం మధ్యలో చిన్నగా పట్టింది. యజమానికి చెబితే ఆయనా తిప్పి చూసి, బేరింగుల ఖర్చు ధరలో తగ్గించారు. ఛాసిస్ నంబరు మా అమ్మ పైకి చదువుతుంటే నేను కాగితంలో సరిచూశాను. కొనేశాను. బేరింగులు, వెనక టైరు వేయించడానికి ఇచ్చాను. గురువారం రాత్రి డ్యూటీకి దాని మీదే వెళ్తాను.

గ్రీజుచేతులు:

మంచి పని చేశారమ్మా. కొత్త బేరింగులు కొన్ని వందల కిలోమీటర్లకు సర్దుకుని కాస్త వదులవుతాయి, అప్పుడు మళ్లీ బిగుతు చూపించండి. కొత్త టైరు మొదటి వంద కిలోమీటర్లు నున్నగా ఉంటుంది, గురువారం వాన పడితే మలుపుల్లో బండిని ఎక్కువ వంచకండి.