ప్లాన్‌లో కిటికీ జరిపితే ఎలివేషన్ (బయటినుంచి కనిపించే ముఖం డ్రాయింగ్) కూడా తేలిగ్గా సరిదిద్దుకునేలా ఆటోక్యాడ్ ఫైళ్లు ఎలా పెట్టుకోవాలి?

ఇందిరానగర్_డ్రాఫ్టింగ్:
బెంగళూరులో 30×40 అడుగుల సైటు, స్టిల్ట్ (పార్కింగ్ అంతస్తు) పైన మూడు అంతస్తులు. మూడూ టిపికల్, అంటే ఒకే ప్లాన్, ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కి 3000 మి.మీ. అన్ని ప్లాన్‌లు, నాలుగు ఎలివేషన్‌లు, రెండు సెక్షన్‌లు, శాంక్షన్‌ (అనుమతికి ఇచ్చే) షీట్లు, వర్కింగ్ డ్రాయింగ్స్ అన్నీ ఒకే డీడబ్ల్యూజీలో ఉన్నాయి, సైజు 48 ఎంబీ. కిటికీ 300 జరపమంటే మూడు ప్లాన్‌లు, ఒక ఎలివేషన్, శాంక్షన్ కాపీ, ఇలా అయిదారు చోట్ల దిద్దాలి. ఎక్కడో ఒకచోట పాతదే మిగిలిపోతోంది. ఫైళ్లు ఎలా విడదీయాలి?

కాలమ్_గ్రిడ్:
ఒక గోడని ఒకే ఫైల్లో, ఒకేసారి గీయాలి. మిగతా అన్నిచోట్లా అది ఎక్స్‌రెఫ్‌గానే (ఇంకో ఫైల్లోంచి లింక్‌గా తెచ్చుకున్న డ్రాయింగ్) కనిపించాలి. ఈ సైజు ఇంటికి ఆరు ఫైళ్లు చాలు: గ్రిడ్, స్టిల్ట్ ప్లాన్, టిపికల్ ప్లాన్, టెర్రస్, ఎలివేషన్‌లు-సెక్షన్‌లు, షీట్లు. ఇంతకన్నా ముక్కలు చేస్తే వెతుక్కోవడానికే టైం పోతుంది.

గ్రిడ్‌లో (కాలమ్‌ల గీతల్లో) ఏ, 1 గీతలు కలిసే బిందువు 0,0 మీద ఉండాలి. ప్రతి ఫైలునీ 0,0 దగ్గరే, స్కేల్ 1తో ఇన్సర్ట్ చేయండి. గ్రిడ్‌ని ప్లాన్‌లలోకి అటాచ్‌గా కాదు, ఓవర్‌లేగా తెచ్చుకోండి. అటాచ్ చేస్తే షీట్లలోకి ప్లాన్ తెచ్చిన ప్రతిసారీ గ్రిడ్ కూడా వెంట వస్తుంది, ఒకే గీత రెండు మూడు సార్లు పడుతుంది. రెఫ్‌పాత్‌టైప్ సెట్టింగ్ 1 (రిలేటివ్ పాత్) ఉంచండి. పాత్ రిలేటివ్‌గా ఉంటే ఫోల్డర్ మొత్తం వేరే కంప్యూటర్‌కి మార్చినా లింకులు తెగవు.

ఇన్సర్ట్ చేసే ముందు ప్రతి ఫైల్లో ఇన్‌స్‌యూనిట్స్ (యూనిట్ల సెట్టింగ్) చూడండి, మిల్లీమీటర్లకి 4. బయటినుంచి వచ్చిన సర్వే గానీ స్ట్రక్చరల్ ఫైలు గానీ అడుగుల్లో ఉండి, ఆ సెట్టింగ్ తప్పుగా ఉంటే 304.8 రెట్ల తేడాతో పడుతుంది. సర్వే ఫైల్లో కోఆర్డినేట్లు లక్షల్లో ఉంటే ఒక కాపీని 0,0 దగ్గరికి జరిపి అదే వాడండి. మూలబిందువుకి అంత దూరంలో హ్యాచ్‌లు సరిగా పడవు, స్నాప్‌లు తడబడతాయి.

ఇక ఎలివేషన్. ఆ ఫైల్లోకి టిపికల్ ప్లాన్‌ని ఓవర్‌లేగా నాలుగుసార్లు పక్కపక్కన తెచ్చి (ఇక్కడ మాత్రం 0,0 నియమం లేదు), చూస్తున్న ముఖం కిందికి వచ్చేలా తిప్పండి. ముందు ముఖానికి 0, కుడివైపుకి 270, వెనకకి 180, ఎడమకి 90. కుడి ఎడమల కోణాలు తారుమారైతే ఎదురు ముఖం వస్తుంది, ఇది చాలా డ్రాయింగుల్లో కనిపించే తప్పు. ప్రతి ప్లాన్ కింద దాని ఎలివేషన్ పెట్టండి. ఈ ప్లాన్‌లు పడిన లేయర్ ప్రింట్ కాకుండా ఆపేయండి.

ఒక అంతస్తు ముఖాన్ని ఒకే బ్లాక్‌గా చేసి, కాపీతో 3000 ఎత్తున మూడుసార్లు పేర్చండి. బేస్ పాయింట్ గ్రిడ్ గీత మీద, ఫ్లోర్ లెవెల్ దగ్గర ఉండాలి. ఎమ్‌ఇన్సర్ట్ (ఒకే కమాండ్‌తో వరుసగా పేర్చేది) వాడొద్దు, దాన్ని రెఫెడిట్‌తో (బ్లాక్‌ని ఉన్నచోటే దిద్దే కమాండ్) తెరవలేం.

ప్లాన్‌లో కిటికీ జరిగాక ఎలివేషన్ ఫైల్లో ఎక్స్‌రెఫ్ రీలోడ్ చేసి, ఏదో ఒక అంతస్తు బ్లాక్‌ని రెఫెడిట్‌తో తెరవండి. బ్లాక్ ఎడిటర్‌లో పైన ఉన్న ప్లాన్ కనిపించదు, రెఫెడిట్‌లో కనిపిస్తుంది. మూవ్ ఇచ్చి, కిటికీ అడుగు గీత మధ్యబిందువు పట్టుకోండి. గమ్యం అడిగినప్పుడు .ఎక్స్ టైప్ చేసి ప్లాన్‌లో ఆ కిటికీ అద్దం గీత మిడ్‌పాయింట్ క్లిక్ చేయండి. తర్వాత వైజెడ్ అడుగుతుంది, పాత అడుగు గీత మీదే క్లిక్ చేయండి. సిల్ (కిటికీ అడుగు ఎత్తు) 900 అక్కడే ఉంటుంది, కిటికీ మాత్రం పక్కకి జరుగుతుంది. సేవ్ చేయగానే మూడు అంతస్తుల్లోనూ మారిపోతుంది.

ఇందిరానగర్_డ్రాఫ్టింగ్:
చాలా ఉపయోగపడిందండీ. మూడో అంతస్తులో ముందు బాల్కనీ మాత్రం వేరు. దానికి టిపికల్ కాపీ చేసుకోవాలా?

కాలమ్_గ్రిడ్:
వద్దు. కాపీ చేస్తే మళ్లీ రెండుచోట్ల దిద్దే పని. తేడా ఉన్న గోడలు, రెయిలింగ్ టిపికల్‌లోంచి తీసేసి, మొదటి-రెండో అంతస్తులకి ఒక చిన్న ఫైలు, మూడోదానికి ఇంకొకటి చేయండి. షీట్‌లో టిపికల్ పైన సరిపోయేది పెట్టండి. ఎలివేషన్‌లోనూ అంతే, బాల్కనీ భాగం అంతస్తు బ్లాక్‌లో ఉండకూడదు.

షీట్_సెట్:
పైన చెప్పని ముఖ్యమైన సంగతి, కొలతలూ పేర్లూ. వీటిని ప్లాన్ ఫైల్లో వేయొద్దు, షీట్ ఫైల్లోనే వేయండి. శాంక్షన్ 1:100, వర్కింగ్ 1:50 అయితే అక్షరాల సైజు వేరు, చూపాల్సిన కొలతలూ వేరు. పైగా ప్లాన్‌ని 180 తిప్పినప్పుడు ఎలివేషన్ ఫైల్లో తలకిందుల అక్షరాలు అడ్డం రావు.

ఫర్నిచర్ లేయర్ శాంక్షన్ షీట్‌లో వద్దనుకుంటే ఆ వ్యూపోర్ట్‌లోనే (షీట్‌లో డ్రాయింగ్ కనిపించే చట్రం) ఫ్రీజ్ చేయండి, మొత్తానికి ఆఫ్ చేయొద్దు. విజ్‌రిటెయిన్ సెట్టింగ్ 1 లేకపోతే ఎక్స్‌రెఫ్ లేయర్లకి మీరు ఇచ్చిన రంగులు, ఫ్రీజ్‌లు ఫైలు మళ్లీ తెరిచేసరికి పోతాయి. ఎలివేషన్ ఫైల్లో ప్రింట్ కాకుండా ఆపే ప్లాన్‌లు తప్ప మిగతా ఎక్స్‌రెఫ్‌లన్నీ లేయర్ 0 మీదే ఇన్సర్ట్ చేయండి. గోడల లేయర్ మీద ఇన్సర్ట్ చేసి దాన్ని ఫ్రీజ్ చేస్తే ప్లాన్ మొత్తం మాయమవుతుంది.

ఇద్దరు ముగ్గురు పనిచేసే ఆఫీసైతే టిపికల్ ఫైల్లో ఎక్స్‌ఎడిట్ సెట్టింగ్ 0 పెట్టండి. ఎలివేషన్ దిద్దేవాళ్లు పొరపాటున అక్కడినుంచే ప్లాన్‌ని రెఫెడిట్ చేయకుండా ఆగుతుంది.

పర్జ్_ఆడిట్:
48 ఎంబీని విడదీసే ముందు శుభ్రం చేయండి, లేకపోతే చెత్త ఆరు ఫైళ్లలోకీ పాకుతుంది. ముందు ఆడిట్ (ఫైల్లో తప్పులు సరిచేసే కమాండ్). తర్వాత హైఫన్ పెట్టి -పర్జ్, అందులో ఆర్ ఇచ్చి రెగ్‌యాప్‌లు (వేరే ప్రోగ్రామ్‌లు వదిలిన పేర్లు) తీసేయండి, మామూలు పర్జ్ డైలాగ్‌తోనే ఆగిపోవద్దు. ఆపైన -స్కేల్‌లిస్ట్‌ఎడిట్‌లో (స్కేళ్ల జాబితా) రీసెట్. డౌన్‌లోడ్ చేసిన 3డీ సోఫాలు, కార్లు ఉంటే 2డీ బ్లాకులతో మార్చండి. చివరికి ప్లాన్‌ని డబ్ల్యూబ్లాక్‌తో కొత్త ఫైల్లోకి తీయండి.

స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి పంపేటప్పుడు షీట్ ఫైలొక్కటే మెయిల్ చేస్తే వాళ్లకి ప్లాన్ ఉండాల్సిన చోట ఫైల్ పాత్ మాత్రమే కనిపిస్తుంది. ఈట్రాన్స్‌మిట్ (లింకైన ఫైళ్లన్నీ కలిపి ప్యాక్ చేసేది) చేయండి. ఒకే ఫైలు కావాలంటే కాపీలో బైండ్ చేసి (ఎక్స్‌రెఫ్‌లని ఆ ఫైల్లోకే కలిపేసి), ఇన్సర్ట్ రకం ఎంచుకోండి. మామూలు బైండ్‌లో ప్రతి లేయర్ పేరు మధ్యలోనూ $0$ చేరుతుంది, అవతలివాళ్ల లేయర్లతో కలవదు.